ఎడమచెయ్యి

కువైట్‌లో ఖైతాన్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న, ఓ షేకు ఇంట్లో కారు నడిపే కడప డ్రైవరు నా పొడుగు చూసి, "బాస్కెట్‌బాల్ ఆడినారా సార్?" అన్నాడు. కాలేజీ జట్టుకు ఆడానన్నాను. వెంటనే ఫోన్‌లో కూతురి ఆట చూపించాడు.

"కాలేజీ టీంలో ఆడతాది. ప్రొఫెషనల్ టీమోళ్లు పిలుస్తాండారు. పంపిచ్చేదా, డిగ్రీ అయ్యేదాకా ఆపేదా?"

ఆ పిల్ల ముగ్గుర్ని తప్పించుకుని ఎడమచేత్తో అలవోకగా బంతిని బుట్టలో వేసింది. నాకు కడుపు మండింది.

"ఎడంచెయ్యి ఇంకా తిరగలేదండి. రెండేళ్లు ఆగమనండి."

అతను అక్కడికక్కడే కూతురికి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఆట తెలిసిన సార్ చెప్పినాడు. ఆగు పాపా."

సల్వా స్టాపులో దిగుతూ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఎడమచెయ్యి తిరగలేదనే ఇరవై ఏళ్ల కిందట మా కోచ్ నన్ను పక్కన పెట్టాడు. నా విషయంలో అది నిజం.