కొలంబోలో నల్లకోటు

మా ఆయన జక్రయ్య గారు దేన్నీ తూచకుండా నమ్మరు. గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు కాటా గుమాస్తాగా చేసి రిటైరైనా, కొక్కెం ఉన్న ఆ చేతికాటాను మాత్రం వదల్లేదు. కిలో వంకాయలు తెస్తే ఇంట్లో మళ్లీ తూకం. గ్యాస్ బండ వస్తే గుమ్మంలోనే తూకం. మా మహిమ పుట్టినప్పుడు ఆస్పత్రి కాటా మీద నమ్మకం లేక, పసిగుడ్డును చీరె ఊయలలో పెట్టి కొక్కేనికి తగిలించి చూశారు. యాభై గ్రాములు తేడా వచ్చిందని నర్సుతో గంటసేపు గొడవ పడ్డారు.

ఆ మహిమ ఇప్పుడు మాల్దీవుల్లో టీచరు. ఆరో నెల. ఏం తిన్నా వాంతులే. "అమ్మా, నీ గోంగూర పచ్చడైతే నాలుగు ముద్దలు దిగుతాయే" అని ఫోనులో ఏడ్చింది. ఇద్దరం వెళ్లి చూసొద్దామని టిక్కెట్లు తీశాం. నేను పచ్చడి ఐదు కిలోలు పట్టాను. మా ఆయన కాటా తీశారు.

"విమానంలో మనిషికి ఇరవై కిలోలే హెలెన్. పచ్చడి రెండు కిలోలు చాలు."

"కడుపుతో ఉన్న పిల్లకి రెండు కిలోలా?"

"కడుపుతో ఉన్నదో లేనిదో కాటాకేం తెలుసు?"

మిగతా మూడు కిలోలు పక్కింటి కొండమ్మకు ఇచ్చేశానన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకూతురి కంటే కాటా ఎక్కువైన మనిషితో ముప్ఫై ఏళ్లు కాపురం చేశానా అనిపించింది.

బయల్దేరే రోజు చూద్దును కదా, ఒంటి మీద నల్లకోటు. మా పెళ్లినాటిది. క్రిస్మస్‌కు తప్ప బయటికి రాదు. ఇది మే నెల.

"రోహిణీ కార్తెలో కోటేమిటండీ?"

"చలేస్తోంది."

అలిగి ఉన్నాను కాబట్టి ఇంకేమీ అడగలేదు. చెన్నై ఎయిర్‌పోర్టులో తనిఖీకి ఆడవాళ్ల వరుస వేరు. మగవాళ్ల వైపు ఏం జరిగిందో నేను చూడలేదు.

కొలంబోలో దిగాం. మాల్దీవుల విమానానికి ఇంకా ఎనిమిది గంటలుంది. పెట్టెలు అక్కడి సామాన్ల గదిలో పెట్టి, సముద్రం చూద్దామని ఆటో ఎక్కాం. ఒడ్డున పసుప్పచ్చ కొబ్బరి బోండాలు అమ్ముతుంటే ఈయన కాటా తీసి రెండు బోండాలు తూచారు.

"ఇది కిలో రెండొందల గ్రాములు, అది కిలో ఏడొందల గ్రాములు. రెంటికీ ఒకటే రేటేంటయ్యా? నువ్వు నష్టపోవా?"

అతనికి తెలుగు రాదు. నవ్వుతూ పెద్దది కొట్టబోయాడు. ఈయన ఆపి చిన్నదే కొట్టించుకున్నారు. ఆ బేరం గాని బేరంలో అరగంట పోయింది.

"పదండి, నీళ్లలో నిలబడి ఫొటో దిగుదాం. మహిమకి పంపిద్దాం."

"నువ్వెళ్లు. ఈ ప్యాంటు మడవటం కుదరదు."

ముఖం మీద చెమట కాలవలు కడుతోంది. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూస్తున్నారు. "ఆ కోటన్నా తియ్యండి మహానుభావా" అంటే మళ్లీ అదే మాట, చలేస్తోందని. ఒక్కదాన్నే నీళ్లలో నిలబడ్డాను. ఆ ఫొటోలో నేను సముద్రంతో తగాదా పడి వచ్చినట్టుంటాను.

తిరిగి ఎయిర్‌పోర్టుకు వచ్చి పెట్టెలు కాటా మీద పెట్టాం. నాది సరిగ్గా ఇరవై, ఆయనది సరిగ్గా ఇరవై. అవి లోపలికి వెళ్లిపోయాయి. తర్వాత తనిఖీ. ఇక్కడ అందరిదీ ఒకటే వరుస. కోటు తియ్యమన్నారు. ఈయన నసిగి నసిగి తీశారు. తడిమి చూసినతను అనుమానంతో కాలరూ నడుమూ ఎత్తి చూపించమన్నాడు. కింద తెల్లచొక్కా. దాని కింద నీలం చొక్కా. దాని కింద గళ్ల చొక్కా. ప్యాంటు కింద ఇంకో ప్యాంటు. వరుసంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"పరువు తీశారు కదండీ. బట్టలు పెట్టెలో పెట్టుకోవచ్చుగా?"

"పెట్టెలో బరువు నిండిపోయింది."

"ఏంతో?"

ఆయన నేల చూశారు. "మూడు కిలోల పచ్చడి."

"కొండమ్మకిచ్చానన్నారు?"

"చెప్తే నువ్వు పచ్చడి తీసేసి నా చొక్కాలు పెడతావు."

పెట్టేదాన్నే. అయినా కోపం అంత తొందరగా దిగుతుందా?

"ఎవరి కాటానీ మోసం చెయ్యలేదని ఊరంతా చెప్పుకుంటారుగా? మరి ఇదేంటి?"

"మోసమేముంది? సామాను తూచారు, తూగింది. మనిషిని కూడా తూస్తామంటే ఎక్కి నిలబడేవాణ్ణి." మెల్లగా అన్నారు. "ఒంటి మీదవి మూడు కిలోల వంద గ్రాములు. ఇంట్లోనే తూచాను."

మెడ వెనక చెమటకాయలు ఎర్రగా లేచి ఉన్నాయి. ఇంత మనిషిని పట్టుకుని రెండు రోజులుగా ఎన్నెన్ని అనుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది. చేతిసంచుల బరువు కూడా గ్రాము సందు లేకుండా నిండిందట. కోటు మళ్లీ తొడుక్కోబోయారు. నేను లాక్కుని చీరె మీద తొడుక్కున్నాను. కోటు చేతులు నా వేళ్లు దాటి వేలాడాయి.

విమానంలో ఎయిర్ హోస్టెస్ అమ్మాయి వంగి, "చలిగా ఉందా మేడమ్?" అని ఇంగ్లీషులో అడిగింది.

చెమట తుడుచుకుంటూ అవునని తలూపాను.