వీపు తిప్పి వచ్చే బిడ్డ

2019 సెప్టెంబర్ 26, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు అక్కకు రెండవ కాన్పు నొప్పులు మొదలయ్యాయి. తెలకపల్లి దగ్గరి మా ఊరి వాగు పొంగడంతో 108 బండి అవతలి గట్టునే ఆగిపోయింది. ఇవతలి గట్టు నుంచి దానికి చుట్టుదారి చూపడానికి అమ్మ పరుగెత్తింది. ఇంట్లో అక్క, నేను, మా అమ్మమ్మ మిగిలాం. అమ్మమ్మను మేము అవ్వ అంటాం. ఆమె ఒకప్పటి మంత్రసాని. కళ్లకు పొరలు కమ్మాక కాన్పులు చేయడం మానేసింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పుస్తకంలోని బొమ్మను తలచుకొని, బొంత పరిచి అక్కను వెల్లకిలా పడుకోబెట్టాను.

అవ్వ తడిమి చూసి మండిపడింది. "ఏందే గిది? బిడ్డ కిందికి దిగాల్నా, బాయిల చేద లెక్క పైకి గుంజాల్నా? లేపు!"

అక్కను వడ్ల బస్తాకు ఆనించి గొంతుకూర్చోబెట్టాం. కాసేపటికి తల కనిపించింది. అక్క ఆగలేక చేయి చాపింది. "నేనే గుంజుకుంట అవ్వా!"

"చెయ్యి తియ్యి బిడ్డా. అది నీకు వీపు తిప్పి వస్తది. నువ్వు గుంజితే మెడ ఎన్కకు ఇరుగుతది."

జంతుశాస్త్రం పరీక్షలో ఆ మాటనే నేను రాశాను. మనిషి నిటారుగా నడవడంతో కటి రూపం మారింది, తరువాత శిశువు తల పెరిగింది. కోతి తన పిల్లను తానే అందుకోగలదు. మన బిడ్డ మాత్రం దారిలో మలుపు తిరిగి, సాధారణంగా తల్లికి వీపు చూపుతూ పుడుతుంది. అందుకే ఎదుట మరొకరి చేతులు కావలసి వచ్చాయి. ఆ రోజు ఆ చేతులు మావే.

"నాకు కండ్లు కానొస్తలేవు. మెడకు బొడ్డుపేగు చుట్టుకున్నదా, జర చూడు."

"ఒక చుట్టు ఉంది."

"ఏలు దూరుతదా?"

"దూరుతుంది అవ్వా."

"అయితే పరేషాన్ గాకు. నెత్తి మీదికెళ్లి మెల్లగ తియ్యి."

తీశాను. బిడ్డ మా నాలుగు చేతుల్లోకి జారింది, కానీ ఏడవలేదు. అవ్వ పాత చీరతో దాని వీపు రుద్దింది. "ఏడువే తల్లీ, ఇప్పుడు కాకుంటే ఇంకెప్పుడేడుస్తవ్?" అంది. బిడ్డ కేరుమంది. అక్క ఏడుస్తూ నవ్వింది. 108 వచ్చేదాకా అవ్వ పేగు కోయనివ్వలేదు.

అవ్వ ఆ తరువాత మరో కాన్పు చేయలేదు. నేను ఎమ్మెస్సీ ఆలోచన మానుకొని నర్సింగులో చేరాను. ఇప్పుడు ప్రసూతి గదిలో పని చేస్తున్నాను.