బుట్టలావిడ

మా అమ్మ కంట పడిన వస్తువు ఏదీ బోసిగా ఉండేది కాదు. గ్యాసు సిలిండరుకు కుచ్చుల గౌను, రేడియోకు లేసు ముసుగు, చిరిగిన దుప్పట్లను జడల్లా అల్లి కాళ్ళు తుడుచుకునే పట్టాలు. చొక్కా బొత్తాం ఊడితే పారేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అన్నిటికన్నా ఆమెకు ప్రాణం ప్లాస్టిక్ వైరు బుట్టలు. వీధిలో సగం మంది బజారుకు వెళ్ళేది ఆమె అల్లిన బుట్టలతోనే. అందుకే బుట్టలావిడ అని పేరొచ్చింది. అసలు పేరుతో ఉత్తరం వస్తే పోస్టుమాన్ మా ఇల్లు దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చేవాడు.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇంట్లో మంచినీళ్ళు కూడా తన చేత్తో ముంచుకు తాగలేదు. "పనీపాటా లేకపోతే సరి" అంటూ అమ్మ వైర్లను కాలితో పక్కకు నెట్టి కూర్చునేవాడు. ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి, మంచాన పడ్డ అత్తగారికి పదేళ్ళు సేవ చేసి, మిగిలిన కాస్త పొద్దులో అల్లుకునే మనిషిని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! అమ్మ పల్లెత్తు మాట అనేది కాదు. వైర్లు దగ్గరికి లాక్కునేది, అంతే. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఆ మంట చాలా ఏళ్ళు చల్లారలేదు.

డెబ్బై ఆరో ఏట అమ్మకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు గానీ కుడి చెయ్యి పడిపోయింది. వ్యాయామం చేయించే అమ్మాయి రబ్బరు బంతి చేతిలో పెడితే, ఎడమ చేత్తో తీసి విసిరికొట్టింది. తిండి మానేసింది. నేను కంచం పట్టుకు వెళ్తే మొహం గోడ వైపు తిప్పుకుంది.

"చెయ్యే పోయాక ఇంక నేనెందుకే? తీసుకుపో."

వారం తిరిగేసరికి చిక్కి సగమైంది. ఇలాగే ఉంటే మనిషి దక్కడం కష్టమని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

మర్నాడు పొద్దున నాన్న మంచం కిందనుంచి, అమ్మ సగంలో వదిలేసిన బుట్టను బయటికి లాగాడు. స్టూలు తెచ్చి ఆమెకు కుడిపక్కన వేసుకున్నాడు.

"ఇదెలా చెయ్యాలో చెప్పు."

"మీవల్ల కాదు."

"కాకపోతే తిట్టు. ముందు చెప్పు."

ఈ అల్లికలో ప్రతి ముడికీ రెండు కొసలుంటాయి. రెండూ ఒక్కసారే లాగి బిగించాలి. ఒకటి వదులైతే గడి వంకర పోతుంది. ఎడమ కొస అమ్మ పట్టుకుంది, కుడి కొస నాన్న పట్టుకున్నాడు.

"లాగండి. అబ్బా, అంతలా కాదు! గేరు రాడ్డనుకున్నారా?"

"మరెంత?"

"నేనెంత లాగితే అంత. నా చెయ్యి చూస్తూ లాగండి."

ఆ మధ్యాహ్నం అమ్మ నాలుగు ముద్దలు తింది. నేను వంటింట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చాను.

మొదటి బుట్ట పక్కకు ఒరిగిపోయింది. అమ్మ దాన్ని పద్నాలుగుసార్లు విప్పించింది. యాభై ఏళ్ళలో అననివన్నీ ఆ ఒక్క బుట్ట మీద అనేసింది. నాన్న చెప్పినన్నిసార్లూ విప్పేవాడు, మళ్ళీ మొదలుపెట్టేవాడు. అలా ఐదేళ్ళు, పదిహేడు బుట్టలు. ఎవరికైనా ఇచ్చేటప్పుడు "మా ఆయనా నేనూ అల్లాం" అనేది అమ్మ. నాన్న ఆ మాట వినబడేంత దూరంలోనే తచ్చాడేవాడు.

ఎనభై ఒకటో ఏట, ఒక ఎర్ర బుట్ట సగంలో ఉండగా, మధ్యాహ్నం కునుకులోనే అమ్మ వెళ్ళిపోయింది.

నెల దాటాక నేను వెళ్ళేసరికి నాన్న ఆ బుట్టను ఒళ్ళో పెట్టుకుని, అదే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక్కడే అల్లడానికి చూసినట్టున్నాడు, ఒక వరస అంతా వదులైపోయింది. అది చూసేసరికి నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. అమ్మ నాకు ఈ పని చిన్నప్పుడే నేర్పింది.

"ఇలా ఇవ్వు నాన్నా, నేను పూర్తి చేస్తా."

ఇవ్వలేదు. ఖాళీ మంచం చూపించాడు.

"అక్కడ కూర్చుని ఎడమ కొస పట్టుకోమ్మా. నాకొచ్చింది కుడి చేతి పనొక్కటే."