షిప్పుకీ షోరుకీ మధ్య

"అన్నం తిన్నావా? ఓవర్."

మా ఆయన సముద్రంలోంచి ఈ మాట అడిగిన క్షణంలోనే ఓడకి ఏదో అయిందని నాకు తెలిసిపోయింది.

ఇందులో భయపడడానికి ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆయన నన్ను ఆ మాట అడిగి ఎరగరు. పట్టించుకోక కాదు, నేను తినే ఉంటానని ఆయన నమ్మకం. పైగా మా రేడియో గదిలో సొంత మాటలు కూడదు.

ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి నేను సముద్ర పరిశోధన కేంద్రంలో సహాయకురాలిగా చేరాను. ఆయన అక్కడే శాస్త్రవేత్త. ఆయనకి ఉద్యోగం నీళ్ళమీద, నాకు ఒడ్డున. ఓడ వెళ్ళినప్పుడల్లా మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియోలో పలికేవారు. ఏ లోతులో నీరు ఎంత చల్లగా ఉందో, ఎంత ఉప్పగా ఉందో ఆయన చదివితే నేను రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. అక్కడ ఆయన నన్ను "షోర్" అనేవారు, నేను ఆయన్ని "షిప్" అనేదాన్ని. ఇంట్లో "ఏమండీ", "ఇదిగో" అని పిలుచుకునేవాళ్ళం కాబట్టి, మాకు పేర్లంటూ ఉన్నది ఆ గదిలోనే.

ఆ రేడియోలో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. బల్లమీద మైకుకి అడుగున ఒక మీట ఉండేది. అది నొక్కి ఉంచితే మన మాట వెళ్తుంది, వదిలితే వాళ్ళ మాట వస్తుంది. మాట అయిపోగానే "ఓవర్" అనాలి. అన్నాక అవతలివాళ్ళు పలికేదాకా నోరు మెదపకూడదు. ఈ నియమం మా పెద్ద సారుది. సొంత మాటలు వద్దన్నదీ ఆయనే. "మనమొక్కళ్ళమే కాదమ్మా, ఫిషింగ్ హార్బరు మొత్తం వింటుంది" అనేవారు.

సాయంత్రం కూర్మన్నపాలెంలో బస్సు దిగి, స్టీలుప్లాంటు లారీల దుమ్ములో ఇల్లు చేరేసరికి పిల్లలిద్దరూ గుమ్మంలోనే ఉండేవారు. "నాన్న ఏమన్నారు?" రెండు వందల మీటర్ల లోతున పద్నాలుగు డిగ్రీలు అన్నారని చెప్పలేను కదా. అందుకని నేనే ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని.

ఆ రోజు పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. తుఫాను వస్తోంది. ఓడ అప్పటికే వెనక్కి వచ్చి ఉండాల్సింది. మాది పెద్ద ఓడ కూడా కాదు. చేపల వేటకి కట్టిన ట్రాలరుకి పరికరాలు బిగించి పరిశోధన నౌక అని పేరు పెట్టారు. అందులో ఉన్నది ఈ ఒక్క రేడియోనే.

"తిన్నాను. ఓవర్" అన్నాను. తినలేదు.

"మంచిది. ఇంజను ఆగిపోయింది. ఓడ బాగా ఊగుతోంది. ఓడని లాక్కెళ్ళడానికి టగ్గు పంపమని పోర్టుకి చెప్పండి. కెప్టెన్ తుఫాను సంగతి అడుగుతున్నారు, అది చెప్పండి. తర్వాత మేమున్న చోటు చెప్తాం. ఓవర్."

ఆయన గొంతు డిగ్రీలు చదివేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

మా రేడియో ఆపరేటరు పోర్టుకి ఫోన్ చేశాడు. పెద్ద సారు వచ్చి మైకు ముందు కూర్చున్నారు. పొడుగు వార్తలు చదివేటప్పుడు ఆయనకి వేలు నొప్పి పుడుతుంది. అందుకని సముద్రం అడుగునుంచి ఎవరో తెచ్చిన నల్లరాయి ఒకటి మీటమీద పెట్టి, కాగితాలు రెండు చేతులా పట్టుకుని చదివేవారు. "ఓవర్" అనగానే రాయి తీసేవారు. ఆ రోజు తుఫాను వివరాలన్నీ అలాగే చదివి "ఓవర్" అంటుండగానే పక్కగదిలో ఫోను మోగింది. కాగితాలు బల్లమీద పడేసి పరిగెత్తారు.

"టగ్గు సిద్ధంగా ఉందట. ఓడ ఎక్కడుందో చెప్పమంటున్నారు" అంటూ తిరిగొచ్చారు. "చెప్పారా?"

"ఇంకా లేదు సార్."

"చెప్తారు. మనం ఓవర్ అన్నాం కదా. ఇక వాళ్ళ వంతు."

కూర్చున్నాం. స్పీకరు పలకలేదు. ఎప్పుడూ ఉండే గరగర కూడా లేదు. ఆపరేటరుది పాతపోస్టాఫీసు దగ్గర రేడియోలు బాగుచేసే సాయిబుల కుటుంబం. అతను స్పీకరుకి చెవి ఆనించి చూశాడు.

"ఏటి సార్ ఇది, సప్పుడే లేదు! ఏరియల్ తెగిపోయినట్టుంది. నానెక్కి సూసొస్తాను" అని ఆ గాలిలోనే డాబా ఎక్కాడు.

నన్ను చూసి సారు ధైర్యం చెప్పబోయారు. "భయపడకమ్మా. లైఫ్ జాకెట్లున్నాయి. పైగా అందరికీ ఈత వచ్చు."

"ఆయనకి రాదు సార్."

"ఏమిటీ? సముద్రం మీద డాక్టరేటు చేశాడు కదమ్మా!"

"చేశారండి. బీచికి తీసికెళ్తే పిల్లల చెప్పులకి కాపలా ఉంటానని ఇసకలోనే కూర్చుంటారు."

"ఇంటర్వ్యూలో ఈ సంగతి అడగలేదు" అన్నారు సారు.

అప్పుడిక నాకు మాట ఆగలేదు. "పిల్లలకి ఏం చెప్పమంటారు సార్? నాన్న మిమ్మల్ని అడిగారని రోజూ చెప్తున్నాను. ఒక్కరోజూ అడగలేదు. పెద్దదాని పన్ను ఊడితే, ఆ సంగతి అడిగారని నిన్న చెప్పాను. పన్ను ఊడిందనే ఆయనకి తెలీదు."

సారు కిటికీవైపు తిరిగారు. "ఆ నియమం పెట్టింది నేనేలే" అన్నారు.

ఇంతలో ఆపరేటరు తలుపు తోసుకుని వచ్చాడు. వెనకే గాలీ వచ్చింది. "తీగ గట్టిగానే ఉందండి సార్. నానే ఎగిరిపోదును!"

బల్లమీది కాగితాలు గదంతా ఎగిరాయి. సారు అందినవి పట్టుకుని బల్లమీద కొట్టి, మళ్ళీ ఎగరకుండా పైన పెడదామని నల్లరాయి అందుకున్నారు.

స్పీకరు గరగరమంది. ఆ వెంటనే మా ఆయన గొంతు.

"షోర్, షిప్. రాయి తీశారా? ఓవర్."

ముగ్గురం సారు చేతిలోని రాయివైపు చూశాం. ఆయన దాన్ని నేలమీద పెట్టి, వేలితో మీట నొక్కారు.

"తీశాం. ఓవర్."

మా ఆయన ఓడ ఉన్న చోటు అంకెలు రెండుసార్లు చదివారు. నేను రాసుకుని తిరిగి చదివాను. ఒక్క అంకె తప్పలేదు. ఆపరేటరు ఆ కాగితంతో ఫోను దగ్గరికి పరిగెత్తాడు. టగ్గు బయలుదేరిందన్న కబురు వచ్చేదాకా నేను కుర్చీ కదల్లేదు. ఆ కబురు నేనే ఓడకి చెప్పాను.

"అందింది. సంతోషం" అన్నారాయన. "ఇంకో సంగతి. మీ మాటలు ఇక్కడ అందరం విన్నాం. కెప్టెన్ నాకు రెండో లైఫ్ జాకెట్ కూడా తొడిగించారు. ఓవర్."

నేను సారువైపు చూశాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి, సముద్రం ఎప్పుడూ చూడనివాడిలా చూస్తూ నిలబడ్డారు.

స్పీకరు మళ్ళీ పలికింది.

"పెద్దదానిది ఏ పన్ను? ఓవర్."

"కిందిది. ముందు పన్ను. ఓవర్" అన్నాను. ఫిషింగ్ హార్బరు మొత్తం వినే ఉంటుంది.

చీకటి పడేలోపు టగ్గు ఓడని అందుకుంది. తుఫాను మా దాకా రాకుండా ఉత్తరానికి మళ్ళింది గాని, అలల వల్ల ఆ రాత్రి ఓడని రేవులోకి రానివ్వలేదు. పొద్దున్న పిల్లలు లేచేసరికి వాళ్ళ నాన్న ఇంకా రేవు బయటే ఉన్నారు.

"నాన్న ఏమన్నారు?" అంది పెద్దది, పళ్ళు తోముకుంటూ.

"నీ పన్ను సంగతి అడిగారు."

"మొన్న కూడా అడిగారన్నావు కదా?"

"మళ్ళీ అడిగారు" అన్నాను. "ఈసారి ఏ పన్నో కూడా."