పన్నెండు మిల్లీమీటర్లు

మా ల్యాబులో ఆ పరీక్షకు పిల్లలు పెట్టుకున్న పేరు ‘ఎనభై’. ఉక్కు కడ్డీని ఒక చివర మిషన్ దవడల్లో బిగించి, రెండో చివర మెలితిప్పుతూ, ఎంత బలానికి ఎంత కోణం తిరిగిందో రాసుకోవాలి. దాన్నిబట్టి ఆ లోహం మెలికకు ఎంత మొండికేస్తుందో లెక్క తేలుతుంది. షియర్ మాడ్యులస్ అంటారు దాన్ని. మామూలు ఉక్కుకు ఎనభై గిగాపాస్కళ్ల దరిదాపుల్లో ఉంటుంది. నేను రికార్డులు దిద్దే పద్ధతి ఒక్కటే: చివరి పేజీ తిప్పడం, ఆఖరి వరసలో ఎనభైకి దగ్గరగా ఏదైనా ఉంటే సంతకం పెట్టడం. పైన ఏం రాశారో చూసేవాణ్ని కాదు. దుండిగల్ దగ్గరి ఆ కాలేజీలో పని ఎక్కువని, ఓపిక మిగలదని చెప్పుకునేవాణ్ని. ఓపిక ఉండేది. పిల్లల మీద ఖర్చు పెట్టబుద్ధి కాలేదంతే.

ఒక అమ్మాయికి అరవై ఆరు వచ్చింది.

అలియాబాద్ నుంచి మేడ్చల్‌కు బస్సులో, అక్కణ్నుంచి షేర్ ఆటోలో వచ్చే పిల్ల. ఇంట్లో ఉర్దూ, మా దగ్గర తెలుగు. మళ్లీ చెయ్యమన్నాను. చేసింది. అరవై ఆరే. అదే మిషన్, అదే కడ్డీ. మిగతావాళ్లందరికీ డెబ్బై తొమ్మిదో ఎనభయ్యో వస్తుంటే ఈమె ఒక్కదానికి ఏం రోగమని నాకు చిరాకు.

“సార్, రాడ్ మందం పన్నెండు పాయింట్ ఆరు వస్తాంది. మాన్యువల్ల పన్నెండని ఉన్నది” అంది.

“వెర్నియర్ చూసుడు రాక మాన్యువల్ తప్పంటున్నవా?”

“తప్పంటలేను సార్. నేను కొలిస్తే గిదే వస్తాంది. మీరొక్కసారి చూడున్రి.”

మందం కొలిచే ఆ వెర్నియర్‌ను నా వైపు చాపింది. అంతలో ఎయిర్ ఫోర్స్ శిక్షణ విమానం ఒకటి ల్యాబు మీదుగా పోయింది. ఆ మోత తగ్గేదాకా ఆమె దాన్ని అట్లాగే చాపి పట్టుకుంది. ఆ కాస్త సేపట్లో కడ్డీని నేనే కొలిచి చూడొచ్చు. గోడ గడియారం చూశాను.

వెనక నుంచి ఆమె స్నేహితురాలు గొణిగింది. “రీడింగులు వండుడు రాదానే నీకు? పన్నెండు ఏస్కో, ఎనభై వస్తది. జల్దీ పోదాం.”

“వండనీకి నువ్వున్నవ్ గద. నేను కొలుస్త.”

క్లాసు నవ్వింది. నా ముందు కొలవడం గురించి మాట్లాడుతుందా అని నాకు ఇంకా మండింది. ఆ లెక్కలో మందంతో వరసగా నాలుగుసార్లు భాగించాలి కాబట్టి మందం కొంచెం ఎక్కువ పడినా జవాబు బాగా తగ్గిపోతుందని ప్రతి బ్యాచ్‌కూ బోర్డు మీద చెప్పేవాణ్ని నేనే. ఆ రోజు నాకే గుర్తుకు రాలేదు.

“ఎనభై వచ్చినంక రా, సంతకం పెడ్త” అన్నాను.

సంతకం లేని రికార్డుతో ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్‌కు కూర్చోనివ్వరు. ప్రాక్టికల్ పోతే బ్యాక్‌లాగ్. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను మా దగ్గర ఉద్యోగాల ఇంటర్వ్యూలకు పిలవరు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడు పన్నెండు అని రాసి, డెబ్బై తొమ్మిది తెచ్చింది. సంతకం పెట్టాను. గెలిచినట్టు అనిపించింది కూడా.

ప్రాక్టికల్ రోజు వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. ప్రతి ఒక్కరినీ కడ్డీ మందం ఎట్లా తీశావని అడిగాడు. “వెర్నియర్‌తో సార్” అని అందరూ తడుముకోకుండా చెప్పారు. వాళ్లలో ఒక్కరూ వెర్నియర్ ముట్టుకోలేదు. ఆమె వంతు వచ్చింది.

“కొలిస్తే వేరే వచ్చింది సార్. రికార్డుల రాసింది మాన్యువల్లది.”

ఎగ్జామినర్ నా వైపు తిరిగాడు. “ఏంది సార్ ఇది?”

“ఆ అమ్మాయికి వెర్నియర్ చూసుడు సరిగ్గ రాదు సార్” అన్నాను.

భోజనాల వేళ దాటిపోతోంది. ఆయన ఇంకేమీ అడగలేదు. వేసిన మార్కు నాకు కనిపించింది. పాస్‌కు తక్కువ. ఆమెకూ కనిపించిందేమో, రికార్డు మూసుకుని వెళ్లిపోయింది.

పిల్లలు వెళ్లాక కడ్డీ విప్పడానికి కూర్చున్నాను. పరాయి మనిషి ముందు పరువు తీసిందన్న కోపం ఇంకా పోలేదు. దవడలు వదులు చేస్తే వెండి రంగు పెచ్చులు నా చేతిలో రాలాయి. దవడలు కొరికిన చోట లోపలి ఉక్కు నల్లగా కనిపించింది. అక్కడ కొలిచాను. పన్నెండు. కడ్డీ నడిమి భాగంలో కొలిచాను. పన్నెండు పాయింట్ ఆరు.

తాళం వెయ్యడానికి వచ్చిన అటెండర్‌ను అడిగాను. “గీ రాడ్‌కు పెయింట్ ఎవరేసిన్రు?”

“నేనే సార్. ఇన్‌స్పెక్షన్ కమిటీ వచ్చేసరికి ల్యాబ్ల అన్ని మెరవాలె అని మీరే అన్నరు గద. మిషన్‌కేసిన, స్టూళ్లకేసిన. రాడ్ ఒక్కటి తుప్పుతోని ఉంటే ఏం బాగుంటదని దానిక్కూడ ఏసిన.”

“ఎన్నిసార్లు?”

“కమిటీ వచ్చినప్పుడల్లా. ఫ్యాన్ రెక్కలకు గూడ ఏసిన, మీరే చూడలే.”

కోటు మీద కోటు. మెలికకు మొండికేసేది లోపలి ఉక్కే, పెయింట్ కొలతను మాత్రమే పెంచింది. ఆ పెయింట్ డబ్బాలు తెప్పించింది నేనే. కడ్డీని కొలవనివాళ్లకు ఎనభై వచ్చింది. కొలిచిన పిల్ల తప్పింది.

ఎగ్జామినర్ ఇంకా స్టాఫ్ రూములో ఉన్నాడు, మార్కుల కవరు అంటించలేదు. వెంటనే పరుగెత్తానని రాసుకోవాలని ఉంది. పరుగెత్తలేదు. చెబితే నా సంతకాలన్నిటి సంగతీ బయటపడుతుందని వరండాలో అటూ ఇటూ తిరిగాను. చివరికి కడ్డీ, వెర్నియర్ తీసుకుపోయి ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పాను.

ఆయన రెండు చోట్లా కొలుచుకున్నాడు. “మీ మాట మీదనే మార్కులు తీసేసిన. ఇప్పుడు మీ మాట మీదనే ఎయ్యాల్నా?”

“నా మాట మీద వద్దు సార్. మీరు కొలిచిన్రు గద.”

మార్కు దిద్ది, పక్కన పొడి సంతకం పెట్టాడు. “మిగిలినోళ్లను ఏం చేద్దాం?” అన్నాడు. నేను కడ్డీ, వెర్నియర్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. కవరు అంటించి, నాకేసి చూడకుండా టీ తాగాడు.

ఆటోలు ఆగే చోటికి వెళ్లేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది. పెయింట్ సంగతి, మార్కు సంగతి, తప్పు నాదేనన్న సంగతి చెప్పాను. అనుకున్నంత బాగా చెప్పలేకపోయాను.

“అప్పుడే చెప్పిన గద సార్.”

“చెప్పినవ్.”

“మరి నా రికార్డుల పన్నెండే ఉన్నది.”

“రాడ్ మందం పన్నెండే అమ్మా. అది కరెక్టే.”

“కరెక్టే ఉండొచ్చు సార్. నేను కొలిచింది కాదు గద.”

“రేపు రా. పెయింట్ గీకేసి, నువ్వే మళ్లా కొలుద్దువు గని.”

“ఎగ్జామ్స్ అయిపోయినయ్ సార్. ఇగ మాకు ల్యాబ్ లేదు.”

మేడ్చల్ ఆటో వచ్చింది. ఆమె బ్యాగు ఒళ్లో పెట్టుకుని లోపలికి జరిగి, పక్కనున్నామెకు చోటిచ్చింది.