నాన్నగారి ఆంప్లిఫయరూ, నా కుడిచెవీ

స్విచ్చి వేసిన పది నిమిషాలకి మా ముందుగదిలో ఒక వాసన లేస్తుంది. వేడెక్కిన దుమ్మూ, పాత చెక్కా, అడుగున ఎక్కడో కొబ్బరిపీచూ కలిసిన వాసన. ఈమధ్య దానికి వైరు మాడిన కంపు కూడా తోడైంది. "ఇల్లు తగలడేదాకా ఊరుకోవా అమ్మా?" అంటుంది మా అమ్మాయి. నాన్నగారి ఆంప్లిఫయర్ గురించే ఆ గొడవంతా. ఎడమవైపు స్పీకరు మూగబోయి ఆర్నెల్లయిందట. ఇంట్లో అందరికీ తెలుసు, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఒంటిచెవితో వింటున్న నాకు తప్ప. కొత్తది కొనాలా, దీన్నే ఇంకోసారి బాగుచేయించాలా అని నెల్రోజులుగా తర్జనభర్జన. తేల్చాల్సింది నేను. నాకేమో తేలి చావదు.

మాది మామిడికుదురు. నాన్నగారు కొబ్బరి రైతు. ఒక ఏడు కాయకి మంచి ధర పలికితే అమ్మ గాజులడిగింది, అన్నయ్యలు సైకిలడిగేరు, ఆయన మాత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, స్పీకర్లు బస్సు టాపు మీద పడేయించి, ఈ పెట్టెని మాత్రం రావులపాలెం నుంచి ఊరిదాకా చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారు. అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు. ఇక కాయ దింపు రోజున చూడాలి మా ఇల్లు! తెల్లవారుతూనే దింపువాళ్ళు చెట్లెక్కితే, పొద్దెక్కేసరికి పెరటినిండా కాయల గుట్టలు, వలుపువాళ్ళు గునపానికి కాయ పొడిచి డొక్క ఊడదీస్తుంటే లేచే పచ్చిపీచు వాసన, వంటింట్లోంచి పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కల ఆవిరి, లేతకొబ్బరి కోసం మా కొట్లాటలు, కొబ్బరాకు వాచీలు కట్టుకుని కొబ్బరాకు బూరలు ఊదే మా గోల, వీటన్నిటి మీదుగా అరుగు మీంచి నాన్నగారి పాటలు. "ఆ ఇందాకటిది ఇంకోసారెయ్యండి బాబూ" అని చెట్టు మొవ్వులోంచి దింపువాళ్ళు కేకేసేవారు. ఆయనకి అంతకంటే ఏం కావాలి, పొంగిపోయేవారు.

మా వైపు పెద్దవాళ్ళు పిలిస్తే "ఆయ్" అనాలి. ఆ ఒక్క ముక్క నోట్లోంచి రాకపోతే ఎంత బుద్ధిమంతులైనా పొగరుబోతుల కిందే జమ. ఎనిమిదేళ్ళకే నాకా పేరు స్థిరపడిపోయింది. ఒకసారి పలికేదాన్ని, ఒకసారి పలికేదాన్ని కాదు. "బుద్ధి పుడితే పలుకుద్ది, మహారాణి!" అని అమ్మ విసుక్కునేది. ఒక చలికాలం కె.గంగవరం నుంచి పెదనాన్నగారు వచ్చేరు. నేను మెట్టు మీద కూర్చుని తేగ ఒలుచుకుంటుంటే ఎడమపక్కన నిలబడి మూడుసార్లు పిలిచేరట. నాలుగోసారి నాన్నగారొచ్చి నా చెంప ఛెళ్ళుమనిపించేరు. ఎందుకో నాకు తెలీలేదు. ఆయన నా మీద చెయ్యి చేసుకోవడం అదొక్కసారే.

ఆ తర్వాత పదిరోజులకి ఆ పెట్టెకి తగిలించే హెడ్‌ఫోన్లు తెచ్చేరు. అప్పటి స్టీరియో పాటలు కొన్నిట్లో ఒక చెవికి గొంతూ, రెండో చెవికి వాయిద్యాలూ విడివిడిగా వచ్చేవి. ఆ వింత చూపించాలని ఆయన సరదా. అన్నయ్యలయ్యాక నా వంతొచ్చింది.

"పాడేవాళ్ళేరండీ నాన్నగారూ? ఉత్త వాయిద్యాలే వస్తున్నాయి."

చిన్నన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వేడు. నాన్నగారు నవ్వలేదు. హెడ్‌ఫోన్లు తీసి, అటుది ఇటు తిప్పి పెట్టేరు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు పాటొక్కటే ఉందండి. వాయిద్యాలు పోయేయి."

ఆయన అవి తీసేసి, నా ఎడంచెవి వెనక చిటికె వేసేరు. చేతిగడియారం ఆనించేరు. "వినపడతందా అమ్మా?" అన్నారు. "ఏదండీ?" అన్నాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయి, కాయల గుట్ట దగ్గర అటు తిరిగి చాలాసేపు నిలబడ్డారు.

అమలాపురంలో డాక్టరుగారు నరం దెబ్బతింది, చేసేదేం లేదన్నారు. నాన్నగారు అక్కణ్ణుంచి తిన్నగా రాజోలులో రేడియో సూర్రావు గారి కొట్టుకి తీసికెళ్ళేరు. ఆయన ఈ పెట్టె వెనకాల చిన్న మీట ఒకటి బిగించేరు. అది నొక్కితే రెండువైపుల పాటా కలిసిపోయి, ఏ వైపు విన్నా మొత్తం వస్తుంది. గొంతూ, వాయిద్యాలూ కలిసి ఒక్కసారిగా నా కుడిచెవిలో పడితే ఏడుపొచ్చేసింది. నాన్నగారిది కూతురితో తప్పయిపోయిందమ్మా అనే తరం కాదు. ప్రతి ఆదివారం పాత పంచె ముక్కతో ఆ పెట్టెని తుడిచి, పాట పెట్టి, "మొత్తం వినపడతందా అమ్మా?" అని అడిగేవారు. "ఆయ్" అనేదాన్ని. నా పెళ్ళయ్యాక తనే తెచ్చి మా ఇంట్లో పెట్టివెళ్ళేరు. వచ్చినప్పుడల్లా అదే తుడవడం, అదే ప్రశ్న, ఆయన పోయే ఏడాది దాకా.

మొన్న సూర్రావు గారబ్బాయి వచ్చి విప్పి చూసేడు. "లోపల ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతందండి. ఈ రకం దొరకట్లేదండి. ఇంక వాడకండమ్మగారూ, ప్రమాదం" అన్నాడు. కొత్తవాటికి ఆ మీట ఉండదు, నాకు సగం పాటే మిగులుతుంది అని నేను మొండికేసేను. మా అమ్మాయి ఫోనులో ఏదో నొక్కి నా చెవికి పెట్టింది. మొత్తం పాట! గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతోంది. "ఇందులో ఎప్పట్నుంచో ఉందమ్మా ఈ ఏర్పాటు" అంది. ఏం చెప్పను, నాకు వొళ్ళుమండిపోయింది. ఆ పెట్టె ఉంచుకోవడానికి నా దగ్గరున్న ఒకే ఒక్క సాకు పోయింది.

అరుగు మీద పాట పెట్టే ఇళ్ళిప్పుడు మా ఊళ్ళో లేవు. దింపువాళ్ళు చెవుల్లో ఎవరి పాట వాళ్ళు పెట్టుకునే చెట్లెక్కుతున్నారు. రాజోలు కొట్టులో రేడియోల బదులు సెల్‌ఫోన్లు వేలాడుతున్నాయి. మా మనవలు పిలిస్తే "ఊఁ" అంటారు, అదైనా అంటే.

కొత్తది తెచ్చెయ్యమన్నాను. ఇవాళ కొట్టువాళ్ళు పాతది తీసికెళ్ళడానికొచ్చేరు. ప్లగ్గు పీకి, దాన్ని నా చీరకొంగుతో తుడుస్తుంటే కళ్ళు మసకలు కమ్మేయి. పాట బాగా వినపడితే చాలనుకుంటే ఆయన అన్నేళ్ళు అలా తుడవక్కర్లేదు. ఆ చెంపదెబ్బ నాకు ఆ నెల్లోనే మరుపొచ్చేసింది. మరుపొచ్చేసిందండీ నాన్నగారూ, ఇంక దాని గురించి బెంగపెట్టుకోకండి అని, ఆయన నా ముందు వంగి తుడుస్తున్న అన్ని ఆదివారాల్లో ఒక్కరోజైనా చెప్పి ఉండొచ్చు. నాకు తట్టలేదు.