ఒక అంచుకే జిగురు

జిగురు ఎలా ఉడికించాలో నాకు నేర్పిన మనిషి పోయి నెల కావస్తోంది. జ్వరం వచ్చి అయిదు రోజులుందట. మిర్యాలగూడ నుంచి కార్డు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయన మంచితనం గురించి రాయడానికి నేను తగను కూడా. ఆయన ఒక చీటీ చదివాడు. అది మాత్రం రాసిపెడతాను.

నేను సూర్యాపేట మున్సిఫ్ కోర్టు ఆవరణలో వకీళ్ల పుస్తకాల గది చూస్తాను. ఒకటే గది, నాలుగు బీరువాలు. కాలక్షేపానికి చదివే పుస్తకం ఒక్కటీ లేదు. చట్టాలు, తీర్పులు, గస్తీలు. గస్తీ అంటే సర్కారు పంపే ఉత్తర్వు. దాదాపు అన్నీ ఉర్దూలో, రాతి అచ్చులో ఉంటాయి. ఉత్తర్వు మారినప్పుడల్లా హైదరాబాదు నుంచి సవరణ చీటీలు వస్తాయి. పుస్తకంలో పాత వాక్యం ఉన్నచోట కొత్త వాక్యం ఉన్న చీటీని అంటించాలి. నేను కోర్టులో కాగితాలు అంటిస్తానని మా ఇంట్లో వాళ్లు చెప్పుకుంటారు. అందులో అబద్ధం లేదు.

ఈ చుట్టుపక్కల ఇలాంటి పని చేసేవాళ్లం ముగ్గురమే. మిర్యాలగూడ తహశీలు కచేరీలో పుస్తకాలు చూసే మున్షీ మా అందరికంటే పెద్ద. వయసులో హైదరాబాదులో ఒక రాతి అచ్చు ప్రెస్సులో పనిచేశాడని తెలుసు. అక్కడ ఏం చేశాడో నేనెప్పుడూ అడగలేదు. మూడోవాడు కోదాడలో వ్యవసాయ శాఖ వారి పుస్తకాలు చూస్తాడు. వరి తెగుళ్లు, ఎరువులు, పశువుల రోగాలు, కాగితాల మధ్య ఎండబెట్టిన ఆకులు అతని కింద ఉంటాయి. అతనిది ఏటి అవతలి కోస్తా మాట.

మూడు ఊళ్ల చీటీలూ సూర్యాపేటకే వచ్చేవి కనుక, రెండు నెలలకోసారి సెలవు రోజున ఇద్దరూ బస్సులో నా గదికి వచ్చేవారు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, సాయంత్రం దాకా అంటించేవాళ్లం.

"ఒక్క అంచుకే," అనేవాడు మున్షీ. "కుట్టు దిక్కు అంచుకు జిగురు పెట్టు, తక్కినదంత ఇడిసిపెట్టు. తలుపు లెక్క ఉండాలె. లేపి సూస్తే కింద పాత మాట కనపడాలె."

"పాత మాట రద్దయింది కద, మున్షీ సాబ్," అనేవాణ్ణి.

"అయితే కానియ్యి. రద్దు కాకముందు జరిగిన పనికి ఏం దిక్కు? దానికి పాత మాటే కావాలె."

"మాకీ గొడవ లేదండీ," అనేవాడు కోదాడ ఆయన. "పురుగు మారదు, మందే మారుతుంది."

"మీ పురుగులు మా వకీళ్ల కంటె నయం, భాయ్," అనేవాడు మున్షీ.

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. ఆ చలికాలమే మిర్యాలగూడకు కొత్త అధికారి వచ్చాడు. మున్షీని రేపటి నుంచి రావద్దన్నాడు. ఆయన మీద ఫిర్యాదేమీ లేదు. ఫిర్యాదు అవసరం లేని రోజులవి. ఆయన అంగడి దగ్గర చాప వేసుకుని జనానికి అర్జీలు రాసిపెట్టసాగాడు. మా సెలవు రోజుల కలయిక ఆగిపోయింది.

చీటీలు మాత్రం మునుపెన్నడూ లేనన్ని వచ్చాయి. ఒక్కో పేజీకి మూడు నాలుగు. ఒక అంచుకు అంటించిన చీటీలు పైకి లేచి చిరిగిపోతున్నాయి. "ఇది పుస్తకమా, ఈకలు లేచిన కోడా?" అన్నాడొక వకీలు. అందరూ నవ్వారు. నాకూ పాత ఉత్తర్వుల మీద ప్రేమేమీ లేదు. అవి పోవడమే మంచిదనుకున్నాను. వచ్చిన చీటీలన్నిటికీ వెనక మొత్తం జిగురు రాసి, గుడ్డతో ఒత్తి, చదునుగా అంటించాను. అంతకుముందు ఒక అంచుకు అంటించినవాటిని కూడా మొత్తం అతికించేశాను. రెండు నెలలు పట్టింది. పుస్తకాలు బాగా మూసుకున్నాయి. నాకు తృప్తిగా కూడా అనిపించింది.

మిరుగు కార్తె దగ్గరికొస్తుండగా ఒక వకీలు ఒకామెను నా గదికి తీసుకొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పుట్టిల్లు హాలియా దిక్కు, మెట్టినిల్లు సూర్యాపేటకు ఆరు కోసుల దూరంలోని పల్లె. ఆమె భర్త ఒక పటేలుకు చెందిన రెండెకరాల మెట్ట చెలకను చాలా ఏళ్లు కౌలుకు చేసి, కిందటేడు ఎండాకాలంలో చనిపోయాడు. ఇప్పుడు పటేలు ఆమెను చెలకలో నాగలి పెట్టవద్దంటున్నాడు. వానలు పడేలోగా తేలకపోతే ఈ ఏటి విత్తనం ఆయనే వేస్తాడు. ఒకసారి ఆయన విత్తనం పడితే చెలక ఇక ఆమెది కాదు.

వకీలు అడిగింది ఒక పాత గస్తీ. కౌలుదారు చనిపోతే సాగు హక్కు భార్యకు వస్తుందన్న వాక్యం అందులో ఉంది. తర్వాత వచ్చిన సవరణలో ఆ వాక్యం లేదు. ఆమె భర్త సవరణకు ముందే పోయాడు కనుక ఆమెకు వర్తించేది పాతదే. వకీలుకు గుర్తుంది గానీ గుర్తుంటే కోర్టుకు చాలదు.

పుస్తకం తెరిచాను. ఆ వాక్యం మీద నా చీటీ ఉంది. గోరు పెట్టి చూశాను. ఎక్కడా లేవలేదు.

"ఉన్నదా, అయ్యా, గందుల?" అంది ఆమె.

"ఉంది."

"మరి సూపెట్టు."

"దాని మీద కాగితం అంటించి ఉన్నదమ్మా."

"ఎవరంటిచ్చిండ్రు?"

"నేనే."

ఆమె నన్నూ పుస్తకాన్నీ చూసింది. "అంటిచ్చినోనికి తీసుడు రాదా?"

పేషీకి, అంటే విచారణకు, అయిదు రోజులుంది. హైదరాబాదు నుంచి నకలు రావాలంటే నెలలు పడుతుంది. కోదాడలో చట్టాల పుస్తకాలు లేవు. నేను మిర్యాలగూడ బస్సెక్కాను.

మున్షీ అంగడి దగ్గరే ఉన్నాడు. విషయమంతా విన్నాడు.

"ఇక్కడి పుస్తకం లేదు," అన్నాడు. "బీరువాలు ఖాళీ చేసి తూకానికి అమ్మిండ్రు. మొన్న మా ఇంటికి బెల్లం అండ్లనే కట్టి ఇచ్చిండ్రు. పేజీ సూసి గుర్తుపట్టిన. నేనంటిచ్చిన చీటీ ఇంకా తలుపు లెక్కనే ఉన్నది."

నేను ఆయన చాప అంచున కూర్చున్నాను.

"జిగురు ఎంత మందం పెట్టినవ్?"

"మందంగానే."

"నా దగ్గర పని నేర్సిన అని ఎక్కడ సెప్పకు," అన్నాడు. కాసేపటికి కలం, సిరాబుడ్డి సర్దుకున్నాడు. "మీ కచేరీ గడపలు నేనిప్పుడు తొక్కొచ్చునా?"

"నా గదికి రండి."

మిర్యాలగూడ నుంచే కోదాడకు బస్సు డ్రైవరుతో కబురు పంపాను. ఆకులు ఎండబెట్టడానికి వాడే అద్దుడు కాగితాలు కావాలన్నాను. మర్నాడు పొద్దున కోదాడ ఆయనే కట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. "వీటి మధ్య వరి ఆకులుండేవి, బావగారూ. మీ చట్టానికి చీడ పట్టిందని తీసేశాను," అన్నాడు.

అద్దుడు కాగితాన్ని తడిపి, నీళ్లు పిండి, చీటీ మీద పరిచాం. పైన పలక పెట్టి ఆగాం. ఆరిన కొద్దీ మరొకటి మార్చాం. అక్షరాలు కరుగుతాయేమోనని భయపడ్డాను. రాతి అచ్చు సిరా నూనె సిరా అనీ, నీళ్లకు కరగదనీ మున్షీ చెప్పాడు. "కాగితానికి భయపడు, సిరాకు కాదు," అన్నాడు.

ఆయన భయపడ్డదే అయింది. మధ్యాహ్నానికి చీటీ ఊడింది గానీ ముసలి కాగితం పైపొర దానితోపాటే లేచి వచ్చింది. పేజీలో వాక్యం ఉండాల్సినచోట తెల్లటి నూగు మిగిలింది. నేను కుర్చీలో కూర్చున్నాను. కోదాడ ఆయన తడి కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

మున్షీ చీటీని తిరగేసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. దాని వెనక అతుక్కున్న పలుచటి పొర తడిగా ఉంది. తడిలోంచి అక్షరాలు కనిపిస్తున్నాయి, పొరను వెనక వైపు నుంచి చూస్తున్నందున అన్నీ కుడి ఎడమలు తారుమారై.

"అద్దం తెస్తానుండండి," అన్నాడు కోదాడ ఆయన.

"దేనికి?" అని మున్షీ చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడా తడబడలేదు. నేను కాగితం తీసుకుని రాయసాగాను. సగంలో పొర ఆరి అక్షరాలు మాయమయ్యాయి. వేలితో తడి అద్ది మళ్లీ చదివాడు. కౌలుదారు, అతని మరణం, అతని భార్య. వాక్యం మొత్తం వచ్చింది.

అప్పుడు చెప్పాడు. ప్రెస్సులో రాతి మీద అక్షరాలు తారుమారుగా ఉంటాయి. వాటిలో తప్పులు వెతికి రాతి మీదే దిద్దడం ఆయన పని. "పదకొండేండ్లు ఉల్టా అక్షరమే సదివిన. సీదా అక్షరం తర్వాత అలవాటైంది."

పేషీ రోజున పటేలు తరఫు వకీలు లేచాడు. "హుజూర్, నీళ్లు పోస్తే కనపడి, ఎండితే మాయమైతది. ఇది గస్తీనా, గారడీనా?"

కోర్టులో నవ్వారు. మున్సిఫ్ కూడా నవ్వి, ఒక గ్లాసు నీళ్లూ ఒక అద్దమూ తెమ్మన్నాడు. అద్దం ఎదురుగా ఉన్న మంగలి దుకాణం నుంచి వచ్చింది. చీటీ వెనక తడి అద్ది, అద్దంలో తనే చదువుకున్నాడు. నేను రాసిన కాగితంతో రెండుసార్లు పోల్చాడు.

"ఇట్లా అంటించింది ఎవరు?"

నేను లేచి నిలబడ్డాను. మొత్తం జిగురు పెట్టడం పద్ధతి కాదనీ, తప్పు నాదనీ రాసి సంతకం చేయమన్నాడు. చేశాను.

"దీన్ని చదివింది?"

"మిర్యాలగూడ కచేరీ పుస్తకాలు చూసిన మున్షీ."

"ఇప్పుడు చూడటం లేదా?"

"లేదు, హుజూర్."

ఆయన ఏదో రాసుకున్నాడు. హైదరాబాదు నుంచి నకలు వచ్చేదాకా చెలక ఆమె చేతిలోనే ఉండాలనీ, ఈ పంట ఆమే వేసుకోవాలనీ చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. వకీలు తెలుగులో రెండోసారి చెప్పాక వసారాలోకి వచ్చింది. అక్కడ మున్షీ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"సాబ్, ఉల్టా రాత సదువుతరంట గద," అంది ఆమె. "మా పటేలు మాటలన్నీ ఉల్టానే. గవి గూడ సదివి పెట్టు."

"గంత సదువు నాకు రాదు, అమ్మా," అన్నాడు మున్షీ.

ఆమె చెలకలో ఆ ఏడాది జొన్న వేసింది. రెండు నెలలకు నకలు వచ్చింది. మున్షీ చదివినదానికీ దానికీ ఒక్క అక్షరం తేడా లేదు. మున్సిఫ్ చెలక ఆమెకే ఖాయం చేశాడు. నకలు తీసుకెళ్లి మున్షీకి చూపించాను. అంతా చదివి, "సరిగ్గనే రాసిండ్రు," అన్నాడు.

ఆయన్ను తిరిగి పనిలో పెట్టుకోమని నేనొక అర్జీ రాశాను. వకీళ్లు పన్నెండుమంది సంతకాలు చేశారు. జవాబు రాలేదు.

ఆ తర్వాత సెలవు రోజుల్లో మళ్లీ కలిశాం. ఈసారి అంటించడానికి కాదు. నేను చదునుగా అంటించినవాటిని ఒక్కొక్కటిగా ఊడదీశాం. పొర లేచినచోట మున్షీ చీటీ తిరగేసి చదివేవాడు. నేను పేజీ అంచున రాసేవాణ్ణి. తర్వాత చీటీని కుట్టు వైపు అంచుకు అంటించేవాళ్లం. దీపావళి దాకా నాలుగు పుస్తకాలు అయ్యాయి. ఇంకా మూడున్నాయి.

మొన్న సెలవు రోజున కోదాడ ఆయన అద్దుడు కాగితాలు పట్టుకుని ఎప్పటిలాగే వచ్చాడు. ఇద్దరం అయిదో పుస్తకం తెరిచాం. మొదటి చీటీకే పొర లేచింది. మంగలి దుకాణంలో అద్దం అడిగి తెచ్చాను. ఆ ఒక్క చీటీకి గంట పట్టింది.